పెంగ్విన్ బొమ్మ ఊడిన చోటు

చిట్టడివి సంతలో కంప్యూటర్ల కొట్టు నక్క జంబులింగానిది. ఆ ఉదయం కొట్టు తలుపులు తీయకముందే గిజిగాడు పోచయ్య గడప మీద వాలి, ఒకచోట నిలవలేక అటూ ఇటూ గెంతుతున్నాడు. తను కోరిన ల్యాప్‌టాప్ వచ్చిందని కబురందింది మరి!

ల్యాప్‌టాప్‌కి ఇంత సంబరమా అంటారేమో. పోయిన వానాకాలం గూళ్లు కొమ్మకి ఏ వైపున కట్టాలో తేల్చుకోవడానికి, గాలి ఎటునుంచి వస్తుందో చూద్దామని పోచయ్య తన పాతది తెరిస్తే, అది "అప్‌డేట్ అవుతోంది, ఆపకండి" అంటూ గంటసేపు చక్రం తిప్పుతూ కూర్చుంది. ఈలోగా గాలి కొట్టి, బావి మీద వేలాడే గిజిగాళ్ల గూళ్లలో సగం బావిలో పడ్డాయి. అందుకే ఈసారి, యజమానిని అడక్కుండా ఏ పనికీ దిగని లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచేది కావాలన్నాడు. ఆ లినక్స్ కూడా కంపెనీవాళ్లే ఎక్కించి, వైఫైతో సహా అన్నీ సరిచూసి పంపినదే కావాలన్నాడు. బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకి వైరు ఎవడు లాగుతాడు? వానలు చూస్తే వారంలో ఉన్నాయి. దాని ధర కింద గిజిగాళ్లంతా ముక్కున కరిచి తెచ్చి నింపిన జొన్నల బస్తాని ఎద్దు బసవన్న మోసుకొచ్చాడు.

"రా తమ్ముడూ, రా!" అంటూ జంబులింగం తన సొంత ల్యాప్‌టాప్‌ని చంకలో పెట్టుకుని గడప దాకా ఎదురొచ్చాడు. అందులో ఇంటర్నెట్ రేడియో పాట మోగుతూనే ఉంది. లోపల, దుప్పటి పరిచిన బల్ల మీద ఇంకో ల్యాప్‌టాప్. దాని మూత మీద పెంగ్విన్ బొమ్మ!

"అబ్బ! లినక్స్ గుర్తు! బసవన్నా, చూడు చూడు, మన పక్షే!"

"అది ఎగరదు కదరా."

"ఎగరకపోతే పక్షి కాదా? ముక్కు లేదూ? ఈకలు లేవూ?"

"బొమ్మ సంగతి సరే. లోపల పని చేస్తుందో లేదో చూసుకో."

జంబులింగం మూత తెరిచాడు. తెర మీద మబ్బుల పటం కదులుతూ వచ్చింది.

"చూశావా, వైఫై ఎంత జోరుగా అందుతోందో! అమ్మిన సరుకు మాత్రం వెనక్కి తీసుకోను, ముందే చెప్తున్నా. దించు బసవన్నా బస్తా."

బసవన్న వీపు మీంచి బస్తా సగం జారింది. సరిగ్గా అప్పుడే, దుప్పటి అంచు కింద నీలంగా ఏదో పోచ కనిపించింది. పోచ కనిపిస్తే గిజిగాడి ముక్కు ఊరుకుంటుందా? అదేమిటో ఆలోచించకుండానే కరిచి లాగేశాడు.

టప్‌మని ఊడి వచ్చింది. మబ్బులు ఆగిపోయాయి. తెర మీద "నెట్ లేదు" అని పడింది.

"ఇదేంటి బావా? వైఫై అన్నావు, వైరొచ్చింది!"

"అదా? ఊరికే, తోడుగా ఉంటుందని పెట్టాలే!"

బసవన్న నడుము నిటారు చేశాడు. బస్తా మళ్లీ వీపెక్కింది. పోచయ్యకి ఏడుపొక్కటే తక్కువ. చెట్టు మీద అందరికీ ఏం చెప్పాలి? అంతలో చెవిన పాట పడింది. అది ఇంకా మోగుతోంది, జంబులింగం చంకలోంచి.

"మరి నీదానికి వైరేది బావా?"

అంటూనే వెళ్లి నక్క భుజం మీద వాలాడు. కొత్త మూత, తళతళలాడుతోంది. మధ్యలో మాత్రం జిగురుకి దుమ్ము అంటుకుని ఒక మచ్చ. పొట్టిగా, బొజ్జతో, అచ్చం పెంగ్విన్‌లా!

"నాకొచ్చింది ఇదే! బొమ్మ పీకి ఆ డొక్కుదానికి అంటించావా?"

"రెండు రోజులు వాడి చూద్దామనుకున్నా తమ్ముడూ," జంబులింగం గొణిగాడు. "ఇంత బాగుంటుందనుకోలేదు. ఇవ్వడానికి మనసొప్పలేదు."

బసవన్న తల కాస్త వంచాడు. పొడవడానికి కాదు, ఆ మచ్చని దగ్గరగా చూడటానికే. ఆ ముక్క జంబులింగానికి తెలియదు. చంకలోది టక్కున తీసి పోచయ్యకిచ్చేశాడు.

బస్తా దించారు. బసవన్న మూపురం పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని, దారి పొడుగునా కనబడ్డవాళ్లందరికీ మబ్బుల పటం చూపించుకుంటూ వెళ్లాడు పోచయ్య. ఆ వానాకాలం ఒక్క గూడూ బావిలో పడలేదు.

జంబులింగానికి మిగిలింది ఆ డొక్కుదే. ఇప్పుడు సంతకి ఎవరొచ్చినా గడప దాకా ఎదురు రాడు. వైరు అంతదూరం రాదు.

నీతి: అమ్మేవాడు పొగిడేది కాదు, తనకోసం దాచుకునేది చూసి కొనాలి.