దొన్నెడు రసం

పక్కింటి పిల్లాడు అప్పుడే మాట్లాడుతున్నాడని నీ పిల్లాణ్ణి కుదిపి విసిగిస్తున్నావే, ముందు కూర్చుని ఇది విను. నీ తొందర వాడికి మాటలు తెప్పించదు.

జీడితోపు దిగువన మొగలిపొదల్లో ఉండే జంతువులకు ఒక కట్టుబాటు ఉంది. ఆ ఏడు పుట్టిన పిల్లల్లో ఎవరి చెవులు ముందు తెరుచుకుంటే వాళ్లకే పొద కావలి. వేటకుక్కల అలికిడి వినగానే కూత వేయాలి. అందుకు అందరి వేటలోనూ మొదటి వాటా వాళ్ల ఇంటిదే. నక్క గవరయ్య కన్ను ఆ వాటా మీద పడింది. అతని కొడుకు, అడవిపిల్లి సూరమ్మ కూతురు ఇంచుమించు ఒకేసారి పుట్టారు. ఇద్దరి చెవులూ ఇంకా మూసుకునే ఉన్నాయి.

"మీవాడి గురకకే కుక్కలు పారిపోతాయిలే అన్నా, ఇక కావలెందుకు" అని సూరమ్మ ఎగతాళి చేసింది. ఆ మాట గవరయ్యకు గుచ్చుకుంది.

చెవుల వైద్యం గుడ్లగూబ అచ్చమ్మది. నీరసంగా పుట్టిన పిల్లలకే ఆమె మందు ఇస్తుంది, బాగున్న పిల్లలకు దాన్ని తాకనివ్వదు. అది తెలిసి గవరయ్య కొడుకును పూటంతా తల్లి పాలకు దూరంగా ఉంచి, మెడ వాలిపోయాక తీసుకెళ్లాడు. నెలలు నిండకుండా పుట్టాడత్తా అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అచ్చమ్మ నమ్మింది. ఆకుదొన్నెలో రసం పోసి ఇచ్చింది.

"చెవి లోపల నత్తగుల్లలాంటి మెలిక ఉంటుంది. అందులోని సన్నటి వెంట్రుకలే చప్పుడును పట్టేవి. దాన్ని మెదడుకు మోసే నరాలు దారాల్లా వాటి దగ్గరికి పెరగాలి. నరాలకు కళ్లు లేవు నాయనా. వెంట్రుకల మొదట్లో ఊరే రసమే వాటికి దారి. దాన్ని వెతుక్కుంటూ చేరిన నరం ఆ రసం తాగి బతుకుతుంది, చేరనిది ఎండిపోతుంది. మీవాడికి ఆ ఊట తక్కువైతే ఈ రసం రోజుకొక చుక్క చెవిలో వెయ్యి. అంతే."

చుక్కే అంత పని చేస్తే దొన్నెడు ఎంత చేస్తుందోనని దారి పొడవునా లెక్కలు వేసుకున్నాడు గవరయ్య. ఇంటికి రాగానే అంతా ఒకేసారి పోసేశాడు.

నరాలకు ఎటు తిరిగినా రసమే. ఇక వెతకాల్సిన పనేముంది? ఉన్నచోటే తాగి, బలిసి, ఒకదానికొకటి చిక్కుపడ్డాయి. వెంట్రుకల దాకా ఒక్కటీ పోలేదు.

పిల్లవాడి చెవులు పైకి మాత్రం నిటారుగా నిక్కాయి. అది చూసి గవరయ్య పొదంతా చాటింపు వేసి అందరినీ పిలిచాడు. నలుగురిలో కొడుకును పిలిచాడు. వాడు చీమల బారు చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ పిలిచాడు. సూరమ్మ కూతురు తల తిప్పింది.

ఆ రోజు సూరమ్మ నవ్వలేదు.

గవరయ్య అచ్చమ్మ కాళ్ల మీద పడి జరిగింది చెప్పాడు. "బాగున్న బిడ్డకు రోగం అంటగట్టి తెచ్చావు. దారి తప్పిన నరాన్ని వెనక్కి తిప్పే మందు నా దగ్గర లేదు" అందామె.

జీడిపళ్లు రాలే కాలంలో కుక్కలు వచ్చాయి. సూరమ్మ కూతురు కూత వేసింది. అందరూ తోపు చుట్టూ ఉన్న ముళ్లకంచె దాటి పొదల్లోకి దూరారు. నక్కపిల్ల మాత్రం వీపు అటు పెట్టి పండు నాకుతోంది. గవరయ్య కంచె అవతల నుంచి గొంతు చిరిగేలా అరిచాడు. లాభం లేక వెనక్కి పరుగెత్తి, కొడుకును మెడ పట్టి కంచె మీదుగా విసిరాడు. అతను దాటేలోపు కుక్కలు చుట్టుముట్టాయి.

తండ్రి చావుకేక ఆ తోపంతా వినబడింది, కొడుక్కి తప్ప.