మూడో గింజ ఏదైనా

మా గురువు పరాంకుశం గారి బల్ల మీద ఒక చిన్న ఇత్తడి భరిణె ఉండేది. అందులో మూడంటే మూడు పప్పుబద్దలు: ఒక మినప్పప్పు, ఒక పెసరపప్పు, ఒక శనగపప్పు. జీవశాస్త్రంలో ఏ కొత్త పాఠం మొదలుపెట్టినా ఆయన ముందు ఆ భరిణె మూత తీసి, వాటిని కళ్ళకద్దుకుని, మళ్ళీ మూత పెట్టేవారు. అంత చదువుకున్న మనిషికి ఈ పప్పుల భక్తి ఏమిటని మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం. ముఖాన అడిగే ధైర్యం మాత్రం మాలో ఒక్కరికీ లేదు.

మా అందరిలోకీ పదునైన బుర్ర భ్రమరది. పరిశోధనలో మూడో ఏడు, కడుపులో బిడ్డకు ఆరో నెల. ఒక మధ్యాహ్నం మేమంతా ఉండగానే ఆమె ఒక కాగితం తెచ్చి గురువుగారి ముందు పెట్టింది. బిడ్డకు చేయించిన జన్యుపరీక్ష ఫలితం అది. ఒకచోట మూడక్షరాల గుంపులో చివరి అక్షరం మారిందనీ, పాత గుంపుకూ కొత్త గుంపుకూ వచ్చే అమైనో ఆమ్లం లూసీనే కనుక భయం లేదనీ డాక్టరు కింద రాసిచ్చింది.

“డీఎన్ఏ లోపలి గది దాటి రాదు. దాని నకలు బయటికొస్తుంది. ఆ నకలును మూడేసి అక్షరాలుగా చదువుతూ, ఒక్కో గుంపుకు ఒక్కో అమైనో ఆమ్లాన్ని తెచ్చి గుచ్చితే ప్రొటీన్ అవుతుంది. ఇదంతా నేను రోజూ పిల్లలకు చెప్పే పాఠమే గురువుగారూ. అయినా కంటిమీద కునుకు లేదు. ఒక్క లూసీన్‌కు ఆరు గుంపులెందుకు? అజాగ్రత్త కాక ఏమిటిది? ఇంత అజాగ్రత్తగా కట్టిన దాన్ని నమ్మి బిడ్డను ఎలా కనను?” అంది భ్రమర. ఆదివారం సీమంతం పెట్టుకున్నారు. వద్దని ఆ సాయంత్రమే వాళ్ళ అత్తగారికి చెప్పేస్తానంది.

గురువుగారు కాగితాన్ని రెండుసార్లు చదివారు. డాక్టరు మాట సరైనదేనని ముందు చెప్పేశారు. ఆ తర్వాత వాదించలేదు. భరిణె మూత తీసి ఆమె ముందుకు జరిపారు. ఆయన చెప్పినది ఇది.

గోదావరి లంకలో వాళ్ళ తాతగారు వైద్యుడు. మందుల తాళపత్రాలు లోపలి గదిలో ఉండేవి. వాటిని గది గడప దాటనిచ్చేవారు కాదు. పొయ్యి సెగకూ ఆవిరికీ పాడైతే మళ్ళీ పుట్టవు. వంటశాలలో మందు కాచే ఆడవాళ్ళకు చదువు రాదు. అందుకని ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. తాతగారు గదిలో కూర్చుని తాళపత్రం చూస్తూ, విస్తరాకు మీద కందిపప్పు, శనగపప్పు, మినప్పప్పు, పెసరపప్పు అనే నాలుగు రకాలతోనే వరస పేర్చేవారు. ఆ విస్తరి వంటశాలకు వెళ్ళేది. కుండ దగ్గరి మనిషి మొదటినుంచి మూడేసి గింజలు ముందుకు జరిపేది. ఏ మూడు ఎవరివో ఆ మనిషి తన దినుసు పళ్ళెంతో వచ్చి కుండలో వేసి వెళ్ళేది. మిరియాలు తెచ్చే మనిషికి శొంఠి సంగతి తెలియదు, శొంఠి మనిషికి నెయ్యి సంగతి తెలియదు. అయినా మందు తయారయ్యేది. వరస చివర ఎవరివీ కాని మూడు గింజలుండేవి. వాటికి ఎవరూ లేచి రారు. అప్పుడు మంట ఆర్పేవారు.

ఒక ఏడు శ్రావణంలో వరదకు లంక చుట్టూ నీరు కమ్మింది, పడవలు ఆగిపోయాయి. ఆ ఇంటి కోడలు అప్పుడే ప్రసవించింది. మూడు రోజులుగా ఆమె కడుపులో ఏదీ నిలవలేదు. ఉన్న దినుసులతో ఒకే ఒక్క కుండ బాలింత కాయం అవుతుంది, రెండోది కాదు. తాతగారికి కళ్ళలో శుక్లాలు, పైగా మబ్బు పట్టిన పగలు. ఆయన వరస పేర్చి పంపారు.

కాయం దించాక కొడుకు శఠగోపం గారు విస్తరినీ తాళపత్రాన్నీ సరిచూశారు. బెల్లం రావాల్సిన చోట మినప్పప్పు, పెసరపప్పు తర్వాత చివర కందిపప్పు బదులు శనగపప్పు ఉంది. మసక వెలుతురులో ఆ రెండిటికీ తేడా ఏముంటుంది? కానీ బెల్లానికి బదులు ఇంకో గుప్పెడు మిరియాలు పడి ఉంటే, ఆ బాలింత కడుపు తట్టుకోగలదా? ఆయన కుండ ఎత్తుకుని పెరట్లో పారబోయడానికి పరుగెత్తారు.

బెల్లం పళ్ళెం మోసే ఆదెమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“బెల్లవేఁ వేశానండి బాబుగారూ, ఆయ్.”

“చివరిది శనగపప్పు కదే! నువ్వెందుకొచ్చావు?”

“ముందు రెండూ నావేనండి. మూడోది ఏదైనా నేనే వస్తానండి. పేర్చే చేతికి ఆఖరి గింజ ఎప్పుడోకప్పుడు తప్పుద్దని ముందే తెలిసి, మీ పెద్దలు ఆ నాలుగు వరసలూ మా అమ్మకిచ్చారండి. మా అమ్మ నాకు చెప్పిందండి.”

మొదటి గింజే తప్పితే ఆదెమ్మ లేచి రాదు, ఇంకెవరో వచ్చేవారు. అసలు ఒక గింజ జారిపడిపోతే ఆ తర్వాతి వరసంతా తలకిందులయ్యేది. అలాంటి తప్పులూ ఉంటాయి, వాటిని చూసి భయపడాల్సిందేనని గురువుగారు దాచకుండా చెప్పారు. ఆ రోజు తప్పు మాత్రం అలాంటిది కాదు. శఠగోపం గారు కుండ దించి ఆదెమ్మకు చేతులెత్తి దండం పెట్టారట. ఆ ఇంట్లో ఒక మగవాడు వంటశాలలో దండం పెట్టడం అదే మొదలట.

“ఆ కాయం తిని మూడోనాటికి లేచి కూర్చున్న బాలింత మా అమ్మ. పక్కలో ఉన్న పసిగుడ్డును నేను,” అన్నారు గురువుగారు. ఆయన కళ్ళు తడిశాయి, తుడుచుకోలేదు. “ఆదెమ్మ పోయేనాటికి నాకు పదేళ్ళు. ఒక్కసారి కూడా ఆవిడకు నేను దండం పెట్టలేదు. ఇప్పుడు రోజూ పెట్టుకుంటున్నాను.”

పప్పు భక్తి అని నవ్విన మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. భ్రమర భరిణెలోకి వంగి చూసింది. కందిపప్పు ఉండాల్సిన చోట శనగపప్పు ఉంది. ఇన్నేళ్ళుగా ఆయన కళ్ళకద్దుకుంటున్నది తప్పిన వరసనే. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. అక్కడే నిలబడి ఫోను తీసింది.

“అత్తయ్యా, నేనే. ఆదివారానికి గాజులు తెచ్చారా? లేదులెండి, ఏడవడం లేదు. ఆకుపచ్చవే తీసుకోండి. వచ్చే ముత్తైదువులందరికీ సరిపోవాలి.”

గురువుగారు భరిణె మూత పెడుతూ తల ఎత్తారు.

“నాలుగు జతలు ఎక్కువే తెమ్మనమ్మా. పిలుపు తప్పినా వచ్చే ఆదెమ్మలుంటారు.”