అన్ని దారుల హెల్మెట్

డిసెంబరు రెండో శనివారం, పొద్దున్న ఆరుంబావుకు యుగంధర్ శృంగవరపుకోట శివార్లలోని రేకుల షెడ్డు ముందు బండి ఆపి, హెల్మెట్ తీసి, దాని మీది మంచు తడిని తువ్వాలుతో తుడిచాడు. అది కొని నాలుగు రోజులే అయింది. కొనడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

షెడ్డు కూర్మారావుది. సైన్యంలో ఇరవై రెండేళ్లు మోటారుసైకిల్ మీద కబుర్లు మోసిన మనిషి. బడిలో ఎవరికీ పాఠం చెప్పకపోయినా అందరికీ ఆయన మాస్టారే. దూరప్రయాణం ఉన్నప్పుడల్లా తన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒకరి కుడి చేతికి పసుపు గుడ్డ కడతాడు. వెనకున్న బళ్లన్నీ ఆ గుడ్డని చూసే మలుపు తిరుగుతాయి, ఆ గుడ్డని చూసే ఆగుతాయి.

సోమవారం ఆరు బళ్లు బయల్దేరాలి. కొంత దూరం జాతీయ రహదారి, తర్వాత లంబసింగి ఘాటు, అక్కణ్ణించి మారేడుమిల్లి దాకా ఎక్కడ తారు ఉంటుందో ఎక్కడ బురద ఉంటుందో చెప్పలేని అడవి దారి. గుడ్డ ఈసారి తనకేనని యుగంధర్ గట్టి నమ్మకం. ఏడాదిన్నరగా ఎదురుచూస్తున్నాడు.

సుజాత అప్పటికే వచ్చి టీ తాగుతోంది. ఆసుపత్రిలో నర్సు, మాస్టారి దగ్గర అతనికంటే ముందు చేరింది.

"వచ్చాడండీ పెళ్లికొడుకు. సంబంధం కుదిరిందా మొత్తానికి?"

"పద్నాలుగు చూశానక్కా. పట్టిక వేసుకుని మరీ చూశాను."

"పిల్లనిచ్చేవాళ్లు కూడా ఇంత ఆరా తియ్యరు కదరా!"

కూర్మారావు గొలుసుకు నూనె రాస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏటి దాని గొప్ప?"

యుగంధర్ హెల్మెట్‌ను రెండు చేతులతో ముందుకు చాపాడు. నుదుటి మీద చూరులా ముందుకు పొడుచుకొచ్చిన పీకు చూపించాడు.

"హైవే హెల్మెట్‌తో కొండదారి పడితే ఉడికిపోతాం మాస్టారూ. మట్టిదారి హెల్మెట్‌తో హైవే ఎక్కితే ఈ పీకు గాలికి లేచి మెడ పీకేస్తుంది. ఇందులో పీకు ఊడదీయొచ్చు. అద్దం తీసేసి దుమ్ము కళ్లజోడు పెట్టుకోవచ్చు. ఎండకి లోపల నల్లద్దం వేరే ఉంది."

"మరి చలికి?"

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు యుగంధర్ నవ్వాడు.

"అందుకే ఒక సైజు పెద్దది తీసుకున్నాను. నా తల చుట్టుకొలత యాభై ఏడు. ఇది యాభై తొమ్మిది. లంబసింగిలో లోపల ఉన్ని టోపీ వేసుకుంటాను, కిందికి దిగాక తీసేస్తాను. ఒక్క హెల్మెట్, అన్ని దారులకీ, అన్ని కాలాలకీ."

కూర్మారావు చేతులు తుడుచుకుని లేచాడు.

"పెట్టుకో. పట్టీ గట్టిగా బిగించు."

యుగంధర్ పెట్టుకున్నాడు. పట్టీని రెండు రింగుల్లోంచి దూర్చి, గొంతు నొక్కుకునేంతగా లాగి బిగించాడు. కళ్లజోడు సర్దుకున్నాడు.

కూర్మారావు అతని వెనక్కి వెళ్లాడు. మెడ దగ్గర హెల్మెట్ అంచు కింద నాలుగేసి వేళ్లు పెట్టి, ముందుకు ఒక్కసారి ఎత్తాడు. హెల్మెట్ నుదుటి మీదుగా దొర్లి వచ్చేసింది. పట్టీ గెడ్డాన్ని గీరుకుంటూ పోయింది. కళ్లజోడు మట్టిలో పడింది.

కూర్మారావు చేతిలో ఉన్న హెల్మెట్‌కు పట్టీ బిగించినట్టే ఉంది.

సుజాత టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"టోపీ లేదు కదా మాస్టారూ," అన్నాడు యుగంధర్ గెడ్డం రుద్దుకుంటూ. "టోపీ ఉంటే బిగుతుగా కూర్చుంటుంది."

"అయితే టోపీ వేసుకో."

వేసుకున్నాడు. మళ్లీ పట్టీ బిగించాడు. తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నిజంగానే బిగుతుగా ఉంది. కూర్మారావు ఈసారి ఒక్క చేత్తోనే ఎత్తాడు. జుట్టు మీద ఉన్ని జారింది. హెల్మెట్ టోపీతో సహా ఊడి వచ్చింది, మొదటిసారి కంటే సులువుగా.

కూర్మారావు గోడకున్న మేకు నుంచి తన పాత హెల్మెట్ తీసి తలకు పెట్టుకుని, పట్టీ కట్టుకుని, ఎత్తుపీట మీద వీపు చూపించి కూర్చున్నాడు.

"లాగు."

యుగంధర్ మెల్లగా ఎత్తాడు.

"పెద్దాణ్ణని చూడకు. గట్టిగా లాగు."

అతను బలమంతా పెట్టాడు. డెబ్బై ఏళ్ల మనిషి బుగ్గలు ముడతలు పడి కళ్ల కిందికి వచ్చాయి, తల వంగింది, ఒళ్లంతా పీట మీంచి లేచింది. హెల్మెట్ రాలేదు.

కూర్మారావు పట్టీ విప్పుకుని, ఊపిరి తీసుకుని, మాట్లాడాడు.

"నీ హెల్మెట్‌కి అన్ని దారులూ తెలుసు. నీ తల తెలీదు."

జేబులోంచి పసుపు గుడ్డ తీశాడు. సుజాత చెయ్యి చాపలేదు. ఆయనే ఆమె చెయ్యి పట్టుకుని కట్టాడు. ఆమె యుగంధర్ వైపు చూడలేకపోయింది.

"నన్ను వెనకైనా రమ్మంటారా మాస్టారూ?" అడిగాడు యుగంధర్.

"దీంతోనా?"

అతను వంగి, మట్టిలో పడ్డ కళ్లజోడు తీసుకున్నాడు.

సోమవారం ఐదు బళ్లు వెళ్లాయి.

గురువారం యుగంధర్ విశాఖపట్నం వెళ్లి, హెల్మెట్ కొన్న దుకాణంలో బల్ల మీద పెట్టి, ఒక సైజు తక్కువది అడిగాడు. దుకాణందారు బాషా కారణం అడగలేదు.

"కోట మాస్టారి దగ్గర నేర్చుకుంటున్నావా?"

"మీకెలా తెలుసు?"

"పెద్దది కొనుక్కుని పది రోజుల్లో మార్చుకోడానికి వచ్చేది ఆయన శిష్యులే."

బాషా కొత్తది తెచ్చి పెట్టాడు. యుగంధర్ తలను అందులోకి బలవంతంగా దూర్చాడు. బుగ్గలు నొక్కుకుపోయి మాట కూడా సరిగ్గా రాలేదు. బాషా చుట్టూ వేలు పెట్టి చూసి, సరిపోయిందన్నాడు. తర్వాత పాత పెట్టె సర్దుతూ చెప్పాడు.

"పదకొండేళ్ల కిందట మీ మాస్టారు మొదటి శిష్యుణ్ణి ఇక్కడికే తీసుకొచ్చాడు. నీలకంఠమని, పాడేరులో పోస్ట్‌మ్యాన్. ఆ మనిషీ ఇలాగే బుగ్గలు నొక్కుకుపోతున్నాయన్నాడు. వాడగా వాడగా మెత్తబడుతుంది, ఓర్చుకోమన్నాను నేను. పోనీలే, ఒక సైజు పెద్దది ఇచ్చెయ్ అన్నాడు మాస్టారు. డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు."

యుగంధర్ హెల్మెట్ తీసి చేతుల్లో పట్టుకున్నాడు.

"నెల తిరక్కుండానే ఘాటులో బండి లోయలోకి పోయింది. మనిషి ఆ సాయంత్రమే దొరికాడు. హెల్మెట్ మర్నాడు దొరికింది, దూరంగా కాఫీ తోటలో. పట్టీ బిగించింది బిగించినట్టే ఉందట. పైన ఒక్క గీత లేదట."