రెండు వేళ్ల కోత

డాక్టర్ చూడామణిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. విశాఖలో ఆమె దగ్గర ఛాతీ ఆపరేషన్లు నేర్చుకోవడానికి వచ్చిన వాళ్లంతా ఈ సంగతి తొందరగానే గ్రహిస్తారు. గ్రహించాక చాలామంది అడగడం మానేస్తారు. భార్గవ్ మానలేదు.

ఒక సాయంత్రం రౌండ్లు పూర్తయ్యాక అతను ఆమె వెనకే నడుస్తూ అడిగాడు. "మేడమ్, కోత ఎంత చిన్నగా ఉండొచ్చు? ఎక్కడ ఆగాలి?"

ఊరికే అడిగిన ప్రశ్న కాదది. పక్కటెముకలు విడదీసి, వీపు నుంచి రొమ్ము దాకా చీల్చే రోజులు పోయాయి. ఇప్పుడు వేలు పట్టే రంధ్రాలు నాలుగు చేసి, వాటిలోంచి రోబో చేతుల్ని లోపలికి పంపుతారు. గది మూలన కూర్చున్న సర్జను వేళ్లు ఎలా కదిలిస్తే లోపల ఆ చేతులు అలా కదులుతాయి. భార్గవ్‌తో చదువుకున్న వాళ్లలో నలుగురైదుగురు ఈ విద్యలోనే ఉన్నారు. పెళ్లిచూపులకు ఫోటోలు పంపినట్టు, వాళ్లు తమ రోగుల కుట్ల ఫోటోలు ఒకరికొకరు పంపుకుంటారు. ఎవరి కుట్టు చిన్నదైతే ఆ పూటకి వాళ్లే మొనగాళ్లు.

చూడామణి నడక ఆపలేదు. "రేపు నూకాలు ఆపరేషన్‌లో సంచీ నువ్వు తియ్యి" అంది.

భార్గవ్‌కి ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, సంతోషంతో. ఇన్నాళ్లూ పనిముట్లు మార్చి అందించడమే అతని పని. కోసి వేరుచేసిన ఊపిరితిత్తి భాగాన్ని లోపలే ఒక ప్లాస్టిక్ సంచీలో వేసి, మూతి బిగించి, ఒక రంధ్రాన్ని కాస్త వెడల్పు చేసి అందులోంచి బయటికి లాగాలి. చివరికి చెప్పుకోదగ్గ కుట్టు ఆ ఒక్క చోటిదే. అంటే ఫోటోకెక్కే కుట్టు.

మైలపల్లి నూకాలు భీమిలి వైపు నుంచి వచ్చింది. ఎండుచేపల వ్యాపారం. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో క్యాన్సర్ గడ్డ. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. రోబో సంగతి చెప్పినప్పుడు, "మరమనిసి కోస్తాదా? దానికి కూడెవులు పెడతారు బాబూ?" అని వార్డంతా నవ్వించింది. కాని ఆ సాయంత్రం భార్గవ్ వచ్చి కోత మాట ఎత్తేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది.

"మా ఈదిలో కోత పొడుగు సూసి మనిసికెన్నాళ్లో సెప్పీస్తారు. మా బావకి ఇక్కణ్ణించి ఇక్కడికి కోసినారు" అని రొమ్ము నుంచి వీపు దాకా చెయ్యి తిప్పి చూపించింది. "ఏడాది తిరక్కండా పోనాడు. నాకూ అంతే అయితే ఇప్పుడే సెప్పు బాబూ, ఇంటికెల్లిపోతాను. కూకుని ఎండుసేపలైనా అమ్ముకుంటాను."

ఆమె నిజంగానే లేచి చెప్పులు వెతుక్కుంది. భార్గవ్ కంగారుపడ్డాడు. చూపుడువేలు, మధ్యవేలు కలిపి ఆమె ముందు చాపాడు. "అంత అక్కర్లేదమ్మా. ఇదిగో, ఇంతే. నాదీ పూచీ."

నూకాలు ఆ రెండు వేళ్లనీ కాసేపు చూసింది. మంచం కింద ఆయా వదిలిపోయిన చీపురులోంచి ఒక పుల్ల లాగి, పిల్లలకి చెప్పులు కొనడానికి పాదం కొలిచినట్టు అతని వేళ్లకి అడ్డంగా పెట్టి, ఆ మేరకి పుటుక్కున విరిచింది. పుల్లని దిండు కింద దాచుకుని పడుకుంది. "సరే కానీ" అంది.

స్కాన్‌లో గడ్డ ఎంత ఉందో భార్గవ్‌కి తెలియక కాదు. తెలుసు. ఆ క్షణాన మాత్రం అతను చూసుకున్నది తన వేళ్లనే.

మర్నాడు ఆపరేషన్ ఎలా సాగాలో అలాగే సాగింది. మూలన కూర్చున్న చూడామణి వేళ్లు ఎంతగా కదిలాయో ఎవరికీ తెలియలేదు. రక్తనాళాలు ఒక్కొక్కటే విడివడ్డాయి, గాలిగొట్టం తెగింది, కింది భాగం సంచీలోకి జారింది. రోబో చేతులు వెనక్కి తప్పించారు. ఆమె లేచి వచ్చి బల్లకి కాస్త ఎడంగా నిలబడింది. తొడుగులు లేని చేతులు వెనక్కి కట్టుకుంది. ముట్టుకునే ఉద్దేశం లేదని అర్థం.

భార్గవ్ రంధ్రాన్ని వెడల్పు చేశాడు. సరిగ్గా రెండు వేళ్లు. సంచీ మూతి పట్టుకుని లాగాడు.

ఊపిరితిత్తి మెత్తనిది. గాలి పోతే తడిగుడ్డలా ముడుచుకుని ఎంత సందులోంచైనా వస్తుంది. ఇదీ అలాగే సగం దాకా వచ్చింది. అక్కడ గడ్డ అడ్డం పడింది. గడ్డ ముడుచుకోదు. అతను సంచీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పక్కటెముకల మధ్య వేలు పెట్టి దారి చేయబోయాడు. మళ్లీ లాగాడు. నుదుటి మీద చెమట పట్టింది. నర్సు రాహేలు అడగకుండానే తుడిచింది. ఆమె రెండో చేతిలో కత్తి సిద్ధంగానే ఉంది. అతను దాని వంక చూడలేదు.

బిగిసిన చోట సంచీ ప్లాస్టిక్ తెల్లగా పాలిపోవడం మొదలైంది. దాని అర్థం అతనికి తెలుసు. ఇంకొక్క గుంజు గుంజితే చిరగవచ్చు. చిరిగితే గడ్డలోని విషకణాలు కోత అంచులకి అంటుకుంటాయి. ఇవాళ తీసిన జబ్బే రేపు ఆ కుట్టులోంచి మళ్లీ మొలుస్తుంది. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడే. అయినా చెయ్యి సంచీని వదల్లేదు.

"ఆవిడకి మాటిచ్చాను మేడమ్" అన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు.

"ఆవిడ ఈ బల్లెక్కింది రెండు వేళ్ల కోసమా?"

చూడామణి గొంతు పెంచలేదు. వాతావరణం సంగతి అడిగినట్టు అడిగింది. భార్గవ్ చెయ్యి ఆగింది. సంచీని సడలించి, కాస్త లోపలికి పోనిచ్చి, రాహేలు వైపు చెయ్యి చాపాడు. కోత ఇంకో వేలు సాగింది, ఆపైన మరో అర వేలు. ఈసారి సంచీ ఏ పేచీ లేకుండా బయటికి వచ్చింది. దాన్ని దీపం వెలుగులో పైకెత్తి నాలుగు వైపులా చూశాడు. ఎక్కడా చిరుగు లేదు. అతను ఊపిరి పీల్చుకున్నాడు. కుట్టు ఫోటో సంగతి గుర్తే రాలేదు.

నూకాలు బాగానే తేరుకుంది. మూడో నాటికే పక్క మంచం వాళ్లతో చేపల ధరల మీద తగువు పెట్టుకుంది. అయితే కట్టు విప్పే పూట భార్గవ్ మిగతా మంచాలన్నీ అయ్యాకే ఆ మంచం దగ్గరికి వచ్చాడు. చూడామణి అతని వెనకే వచ్చి నిలబడింది. అద్దం అడిగి తెప్పించుకుని, చెయ్యి పైకెత్తి, కుట్టుని చూసుకుంది నూకాలు. తర్వాత దిండు కింది నుంచి పుల్ల తీసింది. కుట్టు పక్కన పెట్టింది. పుల్ల అయిపోయింది, కుట్టు అయిపోలేదు.

ఆమె మొహంలో రంగు మారింది.

"పుల్ల సాల్లేదు బాబూ" అంది. "నాదీ మా బావ సంగతేనా?"

అది వాపమ్మా, తగ్గిపోతుంది అనే మాట భార్గవ్ నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మాట చెబితే ఆమె నమ్మేది కూడా. అతను మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"వాపు కాదమ్మా. నేనే ఎక్కువ కోశాను. లోపలున్నది నా వేళ్ల కంటే పెద్దది."

"అంతా వచ్చీసినాదా?"

"వచ్చేసింది. సంచీ చిరక్కుండా వచ్చింది."

"సిన్నగానే కోసుంటే?"

"చిరిగేది. కొంత నీ దగ్గరే ఉండిపోయేది."

నూకాలు కుట్టు మీదుగా, తాకీ తాకకుండా, వేలితో ఒకసారి రాసుకుంది.

"మా బావకి అంత పొడుగు కోసీ సగం లోపలే ఒగ్గీసినారంట" అంది చివరికి. ఆమె మొహం మెల్లగా తెరిపినపడింది. దానితోపాటు నోరూ తిరిగి వచ్చింది. "అయితే బాబూ, లోపలున్నది పెద్దదని తెలిసీ ఆయేల నీ యేళ్లెందుకు సూపించినావు?"

పక్క మంచాల మీద నవ్వులు లేచాయి. భార్గవ్ తన రెండు వేళ్ల వంక చూసుకున్నాడు. నూకాలు పుల్లని అతని చేతిలో పెట్టి, ఇక నీకే పనికొస్తుంది అన్నట్టు తల ఆడించి, అటు తిరిగి పడుకుంది.

బయటికి వచ్చాక వరండాలో అతను ఆ పుల్లని చూస్తూ నిలబడిపోయాడు. చూడామణి దాన్ని అందుకుని, కంటి దగ్గర పెట్టుకుని, వంకర ఏమైనా ఉందా అని చూసినట్టు చూసింది. తిరిగి అతని కోటు జేబులో పెట్టింది.

"పుల్ల మంచిదేనోయ్" అంది. "లోపలిది కొలవకముందే విరిచారు."