గురువు వేసిన స్టూలు

దూదేకుల దస్తగిరికి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. అరవై దాటిన మనిషికి అదేమంత వింత కాదు. కానీ ఆయనకు మిగిలిన ఒకే ఒక్క సుఖం, తెల్లవారుతుండగా దర్గాలో లతీఫ్ షా గురువుగారి ఎదుట మోకాళ్లు మడిచి కూర్చుని, పదిమందితో కలిసి దేవుడి పేరు తలుచుకోవడం. ఇప్పుడు అదే చేజారిపోయేలా ఉంది. పోనీ అని నొప్పి మాత్రలు మింగితే, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కడుపు చెడింది.

టౌను ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి మందుల్లేని దారులు చెప్పింది. దస్తగిరి అన్నీ చేశాడు. వాటిని పోల్చి చూసుకోవడం ఆయనకు నమాజు తర్వాత అంతటి పనైంది. ఉప్పుమూట కాపడం హాయిగా ఉంటుంది. పట్టీ కడితే నడక కుదురుగా ఉంటుంది. కుంటలో నడుంలోతు దిగి నడిస్తే ఒళ్లు తేలికవుతుంది. కుర్చీలో కూర్చుని కాలు చాచి ఎత్తి పట్టుకుంటే తొడకు బలం వస్తున్నట్టే ఉంటుంది. అయినా మర్నాటికి నొప్పి మళ్లీ హాజరు.

కొన్నాళ్లు నేల మీద మోకాళ్లు మడవొద్దని కూడా ఆ అమ్మాయి చెప్పింది. ఆ మాట మాత్రం దస్తగిరి ఎవరికీ చెప్పకుండా మింగేశాడు. గురువు చాప మీద ఉండగా శిష్యుడు ఎత్తున కూర్చోవడం ఆ దర్గాలో ఎవరూ ఎరగరు.

చివరికి చేసినవన్నీ చెప్పి గురువునే అడిగాడు. "వీటిల్లో ఏది మేలు సామీ? మీరు చెప్పిందే పట్టుకుంటా."

"కాపడం పెట్టుకున్నాక ఏం చేస్తావు?"

"ఈడికొచ్చి కూర్చుంటా."

"నీళ్లలో నడిచినాక?"

"ఈడికే వచ్చి కూర్చుంటా సామీ."

గురువు గడ్డం నిమురుకుని లేచి వెళ్లిపోయాడు. అడిగినదానికి బదులు రాలేదని దస్తగిరికి కాస్త కోపం కూడా వచ్చింది.

మర్నాడు వచ్చేసరికి చాప మీద తన చోటులో ఒక స్టూలు ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారు. దస్తగిరికి చచ్చినంత పనైంది.

"మీకన్నా ఎత్తున నేనెట్ల కూర్చునేది సామీ?"

గురువు ఆయన భుజాలు పట్టి స్టూలు మీద కూర్చోబెట్టి, తాను కింద కూర్చున్నాడు. దేవుడి పేరు పలుకుతూ శిష్యుడి మడమ కింద చెయ్యి పెట్టి, కాలు తిన్నగా చాచుకునేదాకా ఎత్తించాడు. పేరు పలికినంతసేపూ నిలపమన్నాడు. తర్వాత మెల్లగా దింపించి రెండో కాలు పట్టుకున్నాడు. కూర్చున్నవాళ్లంతా గొంతు కలిపారు. సిగ్గుతో మొదలుపెట్టిన దస్తగిరి ఎప్పుడు అందులో మునిగిపోయాడో ఆయనకే తెలియదు.

కళ్లు తెరిచేసరికి ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. గోడ పట్టుకోకుండానే లేచి నిలబడ్డాడు. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ గుండెల మీది బరువు దిగిపోయింది. రేపు కూడా రావచ్చు. ఆ తలపుకే కళ్లు చెమ్మగిల్లాయి.

గురువు చాప దులుపుతూ అన్నాడు.

"ఇన్నాళ్లూ నా ముందు నీ మోకాళ్లే కూర్చున్నాయి దస్తగిరీ. ఈ పొద్దు నువ్వొచ్చినావు."