లక్క కరిగిన మిషన్, పనస మొద్దు

లక్క బొమ్మలు చేసే ఒక ఊళ్ళో పైడిరాజు అనే పనివాడు ఉండేవాడు. చేతిపని బంగారమే గాని, ఒకసారి తనకు తెలుసు అనుకున్నాక ఇంకెవరి మాటా వినేవాడు కాదు.

తుఫానుకు వాళ్ళక్క నారాయణమ్మ పెరట్లో పనస చెట్టు పడిపోయింది. అది వాళ్ళమ్మ నాటిన చెట్టు. చెదలు తినగా ఒక్క మొద్దు మాత్రం గట్టిగా మిగిలింది.

"దీంతో నాకో పెద్ద గిన్నె చేసిపెట్టు తమ్ముడూ. అమ్మ గుర్తుగా ఉంటాది," అంది అక్క.

పైడిరాజు దగ్గరున్నది కుంకుమ భరిణెలు తీసే చిన్న మిషన్. అందుకని పక్క ఊళ్ళో అమ్మకానికున్న, కర్రను గిర్రున తిప్పుతూ చెక్కే పాత లేత్ మిషన్ చూడ్డానికి ఇద్దరూ వెళ్ళారు. అది తాతల నాటిది. ఒకప్పుడు దాని మీద మంచం కోళ్ళు తీసేవారట.

మిషన్ మంచిదో కాదో తేల్చడానికి పైడిరాజుకు ఒకటే పరీక్ష. తిరిగే కర్రకు లక్క ఆనిస్తాడు. ఆ రాపిడికి లక్క కరిగి కర్రకు పట్టిందంటే మిషన్‌కు మంచి వేగం ఉన్నట్టు. బొమ్మలకు ఆ వేగమే కావాలి మరి. ఇక్కడ ఆనించగానే లక్క వెన్నలా కరిగింది. వాడి మొహం వెలిగిపోయింది.

"అది సరేగాని, మన మొద్దు ఇందులో పడతాదేటి? అంత బరువు ఇంత జోరుగా తిరిగితే ఆగుతాదా?" అంది అక్క.

"నువ్వు వంటింటి సంగతి చూసుకో అక్కా. మిషన్ల సంగతి నాకొదిలెయ్," అన్నాడు పైడిరాజు.

మిషన్ ఇంటికొచ్చింది. మొద్దు బిగించబోతే కింది ఇనుప దిమ్మెకు తగిలింది. మంచం కోళ్ళు సన్నగా ఉంటాయి కాబట్టి దిమ్మెకు పైన పెద్దగా ఎడం లేదు. అప్పుడైనా ఆగవలసింది. ఆగితే పైడిరాజు ఎందుకవుతాడు? మొద్దును హడావుడిగా చుట్టూ చెక్కి, ఎలాగో ఇరికించి, మిషన్ వేశాడు. వేగం తగ్గించే వీలు దానికి లేదు. మొద్దు అదిరింది. మిషన్ మొత్తం ఊగింది. మొద్దు నిలువునా చీలి, ముక్కలు చెరో మూలకు ఎగిరిపడ్డాయి.

దెబ్బ ఎవరికీ తగల్లేదు. కానీ అక్క ఆ ముక్కలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. పైడిరాజు ఆమె పక్కనే కూలబడ్డాడు. పాపం, అమ్మ వాడికీ అమ్మే కదా.

"తప్పు నాదే అక్కా. నువ్వు అడగాల్సిందే అడిగావు. నేను నోరు మూయించాను," అన్నాడు.

అక్క ఆ ముక్కల్లో పొడుగ్గా ఉన్నదాన్ని ఏరి పక్కన పెట్టింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "సన్నగా పొడుగ్గా ఉండేవి దీనికి వస్తాయి కదా. పప్పుగుత్తి తియ్యి. అమ్మ చేతి పప్పు గుర్తొస్తాది," అంది.

ఈసారి పైడిరాజు ముక్కను ముందు మిషన్‌లో పెట్టి చూసుకున్నాడు. అక్కను కూడా చూడమన్నాడు. ఆమె సరేనన్నాకే మిషన్ వేశాడు. గుత్తి నున్నగా, ముచ్చటగా వచ్చింది. ఇప్పటికీ అక్క దాంతోనే పప్పు మెదుపుతుంది. ఆ పప్పు కలుపుకున్నప్పుడల్లా రాని గిన్నె గుర్తొచ్చి పైడిరాజు తల దించుకుంటాడు.

ఆ మిషన్‌లో ఏ లోపమూ లేదు పిల్లలూ. వస్తువు మంచిదైతే చాలదు, మనం తలపెట్టిన పనికి తగినదా అని చూడాలి. ఆ మాట మనకంటే ముందు అడిగినవాళ్ళ నోరు మూయించకూడదు.