అవ్వ అన్న మాట

సోంబాయికి పదహారేళ్లు. ఉట్నూరు దగ్గరి ఒక గోండు గూడెం పిల్ల. కాలేజీలో చేరిన కొత్తలో ఎవరో ఆమె ఇంటిపేరు విని కిసుక్కున నవ్వారు. ఆ రోజంతా ఏడ్చింది. తర్వాత ఏడుపు మాని, గోండు సంఘం వాళ్ల పసుపు కండువా కట్టి, యువజన సభల్లో మాట్లాడటం మొదలుపెట్టింది. "మన జాతి, మన భాష" అని తెలుగులో గొంతెత్తితే చప్పట్లు ఆగేవి కావు.

గోండుల వంశకథలు పాడే ప్రధాన్ సోనేరావ్ ఆమె గురువు. చిన్నప్పటి నుంచీ ఆయన దగ్గర పాటలు నేర్చుకుంది. సభల్లో పడ్డాక రావడం తగ్గించింది. ఒక సాయంత్రం మాత్రం నేరుగా వచ్చి ఆయన ముందు నిలబడింది.

"గురూజీ, మనోళ్లు నిద్రపోతున్నరు. నేను లేపుతున్న. మీరేమో ఇంట్ల కూసొని కిక్రీ వాయిస్తున్నరు. గిట్లయితే మన జాతి ఎట్ల నిలుస్తది?"

ఆయన తన వాద్యానికి తీగ బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు.

"రేపు మోకాళ్ల మందుకు ఆసుపత్రికి పోవాలె బిడ్డా. తోడొస్తవా?"

మర్నాడు ఇద్దరూ ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నారు. వాళ్ల ముందు వరసలో కొండ మీది గూడెం అవ్వ ఒకామె, ఒంటరిగా వచ్చింది. నర్సు ఏమడిగినా గోండిలోనే జవాబిస్తోంది. నర్సుకు ఆ భాష రాదు. ఆమె చూపు సోంబాయి పసుపు కండువా మీద పడింది.

"పాపా, నీకు వాళ్ల భాష వస్తదా? ఏమంటుందో జర చెప్పు."

సోంబాయి గర్వంగా లేచింది. అవ్వ రొమ్ముకూ కడుపుకూ నడుమ చెయ్యి పెట్టి ఏదో అంది.

"కడుపు నొస్తుందట," అంది సోంబాయి.

నర్సు గ్యాస్ మాత్రలు తీసింది. అవ్వ తల అడ్డంగా ఊపి, అదే మాట మళ్లీ అంది. సోంబాయికి ఆ మాట తెలియదు.

సోనేరావ్ గోడ పట్టుకుని గబగబా లేచాడు. "కడుపునొప్పి కాదమ్మా. రొమ్ముల ఎవరో పట్టి పిండినట్టున్నదట. ఎడమ చెయ్యి దాకా గుంజుతున్నదట. పొద్దటి సంది."

నర్సు మాత్రలు అక్కడే వదిలేసి డాక్టరు కోసం పరుగెత్తింది.

అరగంటలో అంబులెన్సు వచ్చింది. అవ్వను పెద్దాసుపత్రికి తీసుకుపోవాలన్నారు.

"ఆ మాట నేనెన్నడూ వినలే గురూజీ," అంది సోంబాయి నెమ్మదిగా.

"బట్టలు పిండేటప్పుడు మీ నాయనమ్మ రోజూ అంటది."

అంబులెన్సు తలుపు దగ్గర నిలబడి, "అవ్వకు తోడెవరన్నా ఉన్నరా?" అని అరిచాడు డ్రైవరు.

సోనేరావ్ కదల్లేదు. సోంబాయి ఒక్క క్షణం ఆయన వంక చూసి, వెళ్లి బండెక్కింది.

దారి పొడుగునా ఆమె అవ్వ పక్కనే కూర్చుంది. అవ్వ పెదవులు కదిలినప్పుడల్లా వంగి, చెవి దగ్గరగా పెట్టి వింది.